కొర్రకసువు మీద వామి

ఫోన్లో నా మాట పక్కన ఇంకా ఆ చిన్న గడియారం బొమ్మే. అది పోయి టిక్కు పడితే మాట పోయినట్టు, పడటం లేదు, "వద్దు" అని రెండక్షరాలు, అంతే, ఈ రెండక్షరాలు మోయలేని నెట్‌వర్కు పొద్దస్తమానం అమ్మకు వంటల వీడియోలు ఎలా మోసుకొస్తుందో నాకు అర్థం కాదు. బస్సు పులివెందుల దాటింది, కిటికీలోంచి చీనీ తోటల పూత వాసన, అమ్మ ఒళ్ళో గాజుల పెట్టె, కాళ్ళ దగ్గర తీపి ఓళిగల డబ్బా, చెల్లెలు శోభకు ఏడో నెల, జమ్మలమడుగులో వాళ్ళ అత్తగారింట్లో ఈరోజు గాజులు తొడగాలి, చుట్టాలంతా వచ్చి ఉంటారు, నేను పట్టుచీర కట్టుకుని నవ్వుతూ కూర్చోవాలి, కూర్చుంటాను, నవ్వుతాను కూడా, కానీ అక్కడ హిమాచల్ కొండల్లో ఒక మంచు గట్టు మీద షహబాజ్ నా మాట కోసం నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఎనిమిది మంది బెంగళూరు వాళ్ళు. వాళ్ళందరికంటే ముందు, చేతిలో కర్ర, భుజాన కంబళి, వాలు దాటి అవతలికి పోవడానికి సిద్ధంగా మా నాయన యల్లయ్య.

"మీ నాయన సద్ది తిన్న్యాడంటనా?" అంది అమ్మ. తిన్నాడంట అన్నాను. అది నిజమే, రాగి సంగటి తిన్నాడని షహబాజ్ ఫోటో పెట్టాడు, తిన్నాక ఎక్కడికి బయల్దేరాడన్నది అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. అమ్మ లెక్కలో నాయన క్యాంపులో పొయ్యి దగ్గర కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఉండనీ, ఆ లెక్క జమ్మలమడుగు దాకా అలాగే ఉండనీ. మా అమ్మ చిన్నసుబ్బమ్మ గారికి తెలిస్తే బస్సును ఇక్కడే వెనక్కి తిప్పించి నేరుగా హిమాలయాలకు తోలించగలదు.

షహబాజ్ పంపిన ఫోటో మళ్ళీ చూస్తాను, వేళ్ళతో పెద్దది చేసి చూస్తాను, ఎన్నిసార్లు చూసినా అదే. మంచులో నిలువుగా తవ్విన గుంట, గోడలో పొరలు. ఇదే నా ఉద్యోగం, మంచు మీద జనాన్ని నడిపించే ఒక చిన్న సంస్థలో గుంట తవ్వి, పొరలు చదివి, ఈ వాలు మీదికి పోవచ్చా పోకూడదా చెప్పడం. "మా పెద్దపాప ఐసులో గుంతలు తవ్వుతాది, దానికి జీతమిస్తారంట" అని అమ్మ వేంపల్లె సంతలో చెబితే ఒకావిడ నిజంగానే జాలిపడింది, అంత చదివించి మట్టి పనికి పంపినారా అని. డిసెంబరులో పడిన తొలి మంచు పలచన, ఆ పైన వారాల తరబడి తేట ఆకాశం, కొరికే చలి, ఆ చలికి అడుగు మంచు గింజలు గింజలుగా విడిపోయి చక్కెర అయిపోయింది, పిడికిట్లోకి తీసుకుంటే ముద్ద కట్టదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. దాని మీద జనవరిలో పెద్ద మంచు పడింది, గాలి దాన్ని ఈడ్చుకొచ్చి ఆ వాలు మీద పేర్చి అణిచి బండ చేసింది. పైన బండ, అడుగున చక్కెర. పైన నిలబడ్డవాడి కాలికి తగిలేది బండే కాబట్టి వాడు బండనే నమ్ముతాడు.

ఒక దిమ్మెను చుట్టూ కోసి విడదీసి, పైన పార పెట్టి చేత్తో తడతాం, ముందు మణికట్టు ఆడించి, తర్వాత మోచేతి నుంచి, ఆఖరికి భుజం ఊపి. భుజం దెబ్బలకు కూడా కదలకపోతే ఊపిరి పీల్చుకుంటాం. "మోచేతి రెండో దెబ్బకే జారింది అక్కా, సాఫుగా, సొరుగు లాగినట్టు. కానీ పైన శానా గట్టిగా ఉండాది. నిన్న ఎవరో ఆరుగురు దాటినారు, జాడలుండాయి. మామ పోదాం పోదాం అంటాండాడు. ఎండ వాలు మీదికొచ్చే లోపల నువ్వు చెప్పల్ల" అని షహబాజ్ రాశాడు. ప్రొద్దుటూరు పిల్లోడు, టైలర్ గారి కొడుకు, ఎన్‌సీసీ క్యాంపులో ఇద్దరం ఒకే తాడుకు వేలాడి భయంతో ఒకే రకంగా కేకలేసిన నాటి నుంచి తమ్ముడయ్యాడు, మా నాయనను మామా అంటాడు. మాకొక కట్టుబాటు ఉంది, గుంట చూసిన ఇద్దరిలో ఒక్కరు వద్దంటే అందరూ వద్దు. ఆ వద్దు ఇప్పుడు నా చేతిలో గడియారం బొమ్మై కూర్చుంది. రెండు గుట్టల మధ్య రోడ్డు ఒంపు తిరిగింది, ఉన్న ఒక్క సిగ్నలు గీతా పోయింది.

అసలు నాయన అక్కడికి ఎందుకు రావాలి. నేను చేసే పనేందో కండ్లతో చూస్తానన్నాడు, ఊర్లో చెప్పుకోవల్ల గదా అన్నాడు, పది రోజులుండి పోతానని రాగిపిండి మూట నెత్తిన పెట్టుకుని జనవరిలో దిగాడు, ఫిబ్రవరి సగమైనా కదల్లేదు. మొదటిసారి మంచు చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఇది గొర్రెలు తింటాయా పాపా?" తినవు అంటే ఆయన ముఖంలో మంచు మీద గౌరవం సగం పోయింది. తర్వాత కింది ఊళ్ళో గొర్రెలు మేపుకునే కొండవాళ్ళు దొరికారు. వాళ్ళకు తెలుగు రాదు, ఈయనకు హిందీ రాదు, అయితేనేం, ఈయన వాళ్ళ పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూసి నాలుగు వేళ్ళు చూపించాడు, నాలుగు పళ్ళది అని, ఆ ముసలాయన నవ్వి ఇంకో గొర్రెను ముందుకు తోశాడు, సాయంత్రానికి ఇద్దరూ ఒకే చుట్ట కాలుస్తున్నారు. ఎండాకాలంలో వాళ్ళ మందలు ఆ గట్టు అవతలికి పోతాయని, అక్కడ మోకాటి లోతు మేత ఉంటుందని సైగలతో చెప్పించుకున్నాడు. అంతే, పట్టుకుంది. గట్టు అవతల చూడాలి. ఇప్పుడు అదంతా మంచు కింద ఉంటుంది నాయనా, ఒక పోచ కూడా కనపడదు అంటే, "మేత అగపడకపోతే ఏంది, మేతుండే జాగా అగపడతాది గదా" అన్నాడు. శోభ గాజుల పండక్కి నేను బయల్దేరితే, అది ఆడోళ్ళ పండగ, నేనొచ్చి ఏం తొడుక్కుంటానని తను మాత్రం ఉండిపోయాడు.

బ్రేకు. గాజుల పెట్టె ఎగిరి అమ్మ గుండెలకు తగిలింది, నా నుదురు ముందు సీటుకు తగిలింది. రోడ్డు నిండా గొర్రెలు. ఎవరి మందో గుట్ట మీంచి దిగి అవతలి చేలోకి దాటుతోంది, ముందు మెళ్ళో గంట కట్టిన పొట్టేలు, వెనకాల తలలు దించుకుని మిగతాదంతా, డ్రైవరు హారను కొడుతున్నాడు, ఏ గొర్రె అయినా హారనుకు భయపడిందని విన్నామా. అమ్మ కిటికీలోంచి తల పెట్టి, "మూడు కుంటతాండాయి, గిట్టలు చూసుకోరాదా ఆయప్ప" అని ఎవరికో చెబుతోంది. పొట్టేలు రోడ్డు అంచున ఒక్క క్షణం ఆగి, కాలితో తడిమి, చేని గెనెం దిగింది, అంతే, మిగతావి ఒక్కటీ చూడలేదు, దాని అడుగులో అడుగు. అప్పటిదాకా నేను షహబాజ్ గురించే ఆలోచిస్తున్నాను, షహబాజ్ ఆగుతాడు, వాడికి పుస్తకం తెలుసు, గుంట తెలుసు. ఆగనిది నాయన. జాడలున్నాయి అక్కడ. ఆరుగురి జాడలు.

మందతో పెన్న దాటేటప్పుడు నాయన ఎప్పుడూ పొట్టేలునే ముందు తోలేవాడు. పెన్న ఇసుక పైకి ఆరినట్టే ఉంటుంది, అడుగున ఊబి ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా మింగుతుంది. పొట్టేలు పోయిందా, మంద పోతుంది, మంద పోయిందా, మనిషి పోవచ్చు, మంద నడిచిన జాడ మనిషికి దోవ అని నాకు మాటలు వచ్చినప్పటి నుంచి చెబుతున్నాడు, వాళ్ళ నాయన ఆయనకు చెప్పాడు. పెన్నలో అది నిజమే, మంద తొక్కే కొద్దీ ఇసుక దిగి గట్టిపడుతుంది. మంచులో నిజం కాదు. ఆరుగురు దాటారంటే అక్కడ బండ మందంగా ఉంది, ఏడోవాడు జానెడు పక్కకు అడుగేస్తే అక్కడ పలచన, అడుగున చక్కెర కూలితే ఆ కూలడం వాలంతా పాకుతుంది, ఆరుగురి జాడలతో సహా మొత్తం ఒకే బండగా కదులుతుంది. షహబాజ్ ఇదంతా చెబుతాడు, నాయన వింటాడు, తల ఊపుతాడు, "అట్లనేలేప్పా" అని కర్ర తీసుకుని జాడ పట్టుకుని నడుస్తాడు, ఆయనకు వద్దు అనే మాట చెవిలోకి పోదు, నలభై ఏళ్ళ నుంచి అమ్మ అంటూనే ఉంది.

పోయే మాట కావాలి, ఆయన లోపలికి పోయే మాట, ఏంటది. చక్కెర పొర అంటే నవ్వుతాడు. బండ అంటే బండ గట్టిదే గదా అంటాడు. వామి. ఎలా మరిచిపోయాను. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు వానలు సరిగా లేక కొర్ర ఒక్కటే చేతికొచ్చింది, కొర్రకసువు, అంటే కొర్రగడ్డి, నున్నగా మెరుస్తుంది, పశువులు పెద్దగా ఇష్టపడవు, ఊరికే పారేయడమెందుకని నాయన దాన్ని అడుగున పరిచి, పైన కొనుక్కొచ్చిన వేరుశెనగ కట్టెను, కాయలు తీసిన మొక్కల ఎండుమేతను, ఎత్తుగా వామి వేశాడు. ఎంత బాగా తొక్కి వేశాడంటే ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. మేకలు ఎక్కాయి. మేమందరం ఎక్కి ఎగిరాం. వాన పడింది, గాలి వీచింది, ఏమీ కాలేదు. ఎండాకాలం ఒక సాయంత్రం పశువులకు వేయడానికని నాయన కింది పక్క నుంచి ఒక్క మోపు కట్టె పీకాడు, పైనున్న వామి మొత్తం, మొత్తంగా, మూత జరిగినట్టు కొర్రకసువు మీది నుంచి జారి ఆయన మీద కూర్చుంది. మేం పరిగెత్తుకొచ్చేసరికి తల ఒక్కటే బయట ఉంది, తలకు పాగా ఉంది, నోట్లో బీడీ కూడా ఉంది, వెలుగుతూనే ఉంది. అమ్మ ఉరుకుతూ వచ్చి అన్న మొదటి మాట, "ముందు బీడీ ఆర్పు!" ఊరంతా ఏళ్ళ తరబడి నవ్వింది ఆ మాటకు, పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరి వామి కనిపించినా నాయన అడుగున చెయ్యి పెట్టి గుప్పెడు పీకి చూడకుండా దాటి పోలేదు, గుంట తవ్వే జబ్బు నాకు ఎక్కడి నుంచి అంటుకుందో ఇప్పుడు తెలుస్తోంది.

గొర్రెలు ఇంకా దాటుతున్నాయి. నేను దిగేశాను, కండక్టరు ఏదో అరుస్తున్నాడు, పక్కనే రోడ్డు పనికి పోసిన కంకర గుట్ట, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి ఎక్కాను, చెప్పు ఒకటి జారిపోయింది, పోనీ, పైకెక్కి ఫోను ఆకాశానికి చూపించాను, ఒక గీత. ఒక్కటే. గడియారం బొమ్మ పోయి టిక్కు పడింది, వద్దు పోయింది. కానీ అది షహబాజ్‌కి. నాయనకు వేరే. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, గాలి హోరు మీద, గొర్రెల అరుపుల మీద, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.

"నాయనా, నేను, పాపను! ఇను! ఆ వాలుండాదే, అది కొర్రకసువు మీద ఏసిన వామి! మన వామే! అడుగున కొర్రకసువుండాది, నేను చూసినా! జాడలు చూడాకు నాయనా! మ్యాకలెక్కినా ఏం కాల్యా, నువ్వు కట్టె పీకినాకనే గదా వచ్చి మీద పడింది! పోవాకు! ఆడ్నే కూసో!"

రెండు టిక్కులు. అంటే అక్కడికి చేరింది, విన్నారని కాదు. తిరిగి చూస్తే బస్సు కిటికీలన్నిట్లో తలలు. "వామి యాడ పడిందమ్మా? మనుషులకేం కాల్యా గదా?" అన్నాడు వెనక సీటు పెద్దాయన. కండక్టరు టికెట్టు మిషను చంకలో పెట్టుకుని దిగి నా చెప్పు వెతికి ఇచ్చాడు, "వామి పడితే ఎంత నట్టమో మాకు తెలీదా మేడం, ఎక్కండి, ఎక్కండి" అన్నాడు, అతనికి నేను రుణపడి ఉంటాను, ఆ క్షణంలో అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని నేను ముద్దు పెట్టుకోగలను, కానీ పులివెందుల డిపో బస్సులో అది కుదరదు. నవ్వొచ్చింది.

అమ్మ నవ్వలేదు. నేను కూర్చోగానే నా వైపు తిరిగింది, "యాడుండాడు మీ నాయన?" నేను చెప్పాను, అంతా చెప్పాను, గట్టు, వాలు, జాడలు, ఇక దాచడానికి ఏముంది, బస్సంతా విన్నది. తిడుతుందనుకున్నాను. అమ్మ గాజుల పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుంది, బయట తొండూరు చేలు పోతున్నాయి, శెనగ పంట ఎండింది, నా ఫోన్లో మళ్ళీ గీతలు లేవు. "కొర్రకసువని చెప్పితివా?" అంది. చెప్పానన్నాను. "ఐతే ఇంటాడు." అని, "నీకు తెలీదు. ఆ వామి పడినప్పటి నుంచి ఆయప్ప నిద్దట్లో లేసి కూసుంటాడు. నోట్లో కట్టె పడిందంటాడు. నీళ్ళిస్తే తాగి పండుకుంటాడు. ఊరోళ్ళు నగతాంటే ఆయప్పా నగతాడు, ఏం జేస్తాడు మల్ల" అంది.

నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆ కథ నేనూ చెప్పాను, క్యాంపులో మంట చుట్టూ కూర్చుని షహబాజ్‌కి, వచ్చినవాళ్ళందరికీ హిందీ తెలుగు కలిపి అభినయించి మరీ చెప్పాను, ముందు బీడీ ఆర్పు అనగానే అందరూ పడి పడి నవ్వుతారు, నాయన ముందే చెప్పాను, ఆయనా నవ్వాడు. నేనిప్పుడు కంకర గుట్టెక్కి ఆయన లోపలి ఆ చోటికే గురి చూసి అరిచాను. నొచ్చినా సరే, తగలాలి, అక్కడే తగలాలి, నాయనా, తగలనీ, తర్వాత నీ కాళ్ళు పట్టుకుంటాను, ముందు కూర్చో. ముద్దనూరు వచ్చింది, గీతలు నిండా వచ్చాయి, ఫోను చేస్తే అక్కడ మోగడమే లేదు, వాళ్ళు సిగ్నలున్న చోటు దాటేశారు, వెనక్కా ముందుకా, ఎండ ఈపాటికి వాలు మీదికి వచ్చేసి ఉంటుంది. ముద్దనూరులో పూలమ్మి ఎక్కింది, కనకాంబరాల బుట్ట, అమ్మ బేరం చేసి మూరలు మూరలు కొనేసింది, ఒక మూర నా తల్లో పెట్టింది, చేతులు చల్లగా ఉన్నాయి. శోభకు పుట్టేది మగపిల్లాడో ఆడపిల్లో అమ్మకు ఊపిరి పీల్చడం కంటే ముఖ్యమైన విషయం, దాని ఊసు కూడా ఎత్తలేదు.

పెన్న బ్రిడ్జి మీద మోగింది. కింద నీళ్ళు కొంచెం, ఇసుక ఎక్కువ. "అక్కా!" షహబాజ్. రొప్పుతున్నాడు, రొప్పుతూ నవ్వుతున్నాడు, నవ్వుతున్నాడు కాబట్టి బతికారు, అందరూ బతికారు, నాకు అది చాలు, మిగతాది వాడు తీరిగ్గా చెప్పుకోవచ్చు. "మామ నీ మాట రెండుసార్లు పెట్టించుకుని ఇన్నాడు. ఇని, కంబళి తీసి జాడకు అడ్డంగా పరిచి కూసున్నాడు. పోదాం మామా వెనక్కంటే ఊహూ, అందరూ తిరిగినాక లేస్తానన్నాడు. బెంగుళూరోళ్ళు కోప్పడి, మల్ల ఫోటోలు తీసుకుని తిరిగినారు. ఇప్పుడే క్యాంపుకొచ్చినాం. ఇదో, మాట్లాడు."

"పాపా."

"నాయనా! పడిందా?"

"యాడ పడింది? ఈడ్నించి అగపడతాంది గదా. ఎండ కొడతాంది, మెరుస్తాంది. అట్లనే ఉండాది. నీ మాటిని అంతమందిని వెనక్కి మళ్ళిస్తి, ఈడ అందరూ నన్ను చూసి నగతాండారు."

నా పనిలో ఇదే పెద్ద చిక్కు, సరిగ్గా చేసిన రోజున ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి తప్పు చేశావేమో అన్నట్టే ఉంటుంది, రేపు కూడా అది పడకపోవచ్చు, ఎప్పటికీ పడకుండా కరిగిపోనూ వచ్చు, అప్పుడు దాటిన ఆరుగురిదీ రైటు, నేనే పిరికిదాన్ని. నగనీ నాయనా అందామనుకున్నాను. అంతలో అటునుంచి ఆయనే, గొంతు తగ్గించి, పక్కనెవరూ వినకూడదన్నట్టు అన్నాడు.

"మన వామి గూడా ఆర్నెల్లు అట్లనే ఉండె గదా పాపా."

కళ్ళు నిండిపోయాయి, పెన్న కనిపించలేదు, వెనక సీటు పెద్దాయన "ఏమాయ వామి?" అని అడుగుతున్నాడు, నిలబడే ఉందని చెప్పాలి ఆయనకు, చెబుతాను. ఫోను నా చేతిలో లేదు, అమ్మ లాక్కుంది, రెండు చేతులతో పట్టుకుంది, గాజుల పెట్టె నా ఒళ్ళోకి జారింది. ఇక మొదలవుతుంది, జమ్మలమడుగు బస్టాండు దాకా తిట్లు, బ్రిడ్జి అవతలి దాకా వినిపిస్తాయి, అనుకున్నాను. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని ఆయన రొప్పడం విన్నది.

"ముందు బీడీ ఆర్పు," అంది.